ఏడు గింజల కింద ఒక్క అక్షరం

పాట మాస్టారు పుస్తకాన్ని యజమాని బల్ల మీద తెరిచి పెట్టి, పక్కకి జరిగి నిలబడ్డాడు. కోపం వచ్చినప్పుడు ఆయన మాట్లాడడు. తప్పేదో ఎదుటివాళ్ళే వెతుక్కోవాలి.

యజమాని కళ్ళజోడు సర్దుకుని పేజీ అంతా చూశాడు. ఏమీ దొరకలేదు. "కత్తెరమ్మా, ఓసారి ఇటు రా," అని పిలిచాడు.

ఆమె మెడలో దారానికి చిన్న కత్తెర వేలాడుతూ ఉంటుంది. ఇంటికి వెళ్ళేటప్పుడు కూడా తియ్యదు. అందుకని ఆ పేరు. బృందాలుగా పాడేవాళ్ళకి పాట పుస్తకాలు తయారుచేసే ఆ కొట్లో పంతొమ్మిదేళ్ళుగా ఆమెది ఒకటే పని, స్వరాల కింద అక్షరాలు అంటించడం. నాలుగు గొంతుల పాటకి నాలుగు పుస్తకాలు, గొంతుకొకటి. ముందు ఐదు గీతల కాగితం మీద సిరాతో స్వరాలు గీస్తారు. నల్లగా, గుండ్రంగా ఉంటాయి కాబట్టి కొట్లో వాటిని గింజలంటారు. పాట మాటలు వేరేగా అచ్చయి సన్నటి పట్టీలుగా వస్తాయి. ఆ పట్టీల్ని ఆమె అక్షరం అక్షరంగా కత్తిరించి, పట్టకారుతో పట్టుకుని, వెనక బంక రాసి, ఏ గింజకి ఏ అక్షరమో దాని కింద కూర్చోబెడుతుంది. ఒక్క గింజతో అయిపోయే అక్షరమైతే దాని నడుము గింజ నడుము కిందికి రావాలి. నాలుగైదు గింజల దాకా సాగే అక్షరమైతే ఎడమ అంచు మొదటి గింజకి కలవాలి. వెంట్రుకంత తేడా వచ్చినా పాడేవాడి కన్ను తడబడుతుంది. కన్ను తడబడితే నోరు తడబడుతుంది.

"ఇక్కడ," అన్నాడు మాస్టారు చివరికి. "'ఏటిగాలి రావే.' 'గా' ఏడు గింజలు సాగాలి. ఎనిమిదో గింజకి 'లి', తొమ్మిదికి 'రా'. పై మూడు గొంతులూ అలాగే పాడుతున్నాయి. మీ కింది గొంతువాళ్ళు మాత్రం గాలి ఇంకా రాకముందే వాకిట్లో నిలబడి రారా అని పిలుస్తున్నారు."

ఆమె వంగి చూసింది. 'గా' మొదటి గింజ కిందే ఉంది. 'లి' నాలుగో గింజ కింద ఉంది. 'రా' ఐదో గింజ కింద.

"ఇది నేను పెట్టింది కాదండీ."

"గీత?" అన్నాడు యజమాని.

'గా' పక్కనుంచి మూడో గింజ దాకా సన్నటి గీత ఉంది. అక్షరం ఎంతవరకు సాగాలో చెప్పే గీత అది. చివర కలం ఎత్తేటప్పుడు కొద్దిగా పలచబడి ఆగిపోతుంది. అలా ఆపే చెయ్యి ఆ కొట్లో ఒక్కటే.

"గీత నాదే."

"అక్షరం నీది కాదు, గీత మాత్రం నీది."

ఆమె సాయంత్రం అంటించిన అక్షరాల బంక ఆరాక, మర్నాడు పొద్దున ఆ గీతలు గీస్తుంది. ఈ అక్షరం నుంచి ఆ అక్షరం దాకా, అంతే. పైన గింజలు లెక్కపెట్టదు. తాను ఒకసారి కూర్చోబెట్టిన అక్షరాన్ని మళ్ళీ చూడడం ఆమెకి నామోషీ. ఆ మాట ఇప్పుడు ఎలా చెబుతుంది?

"మూడు చోట్ల ఉంది ఇలాగే," అన్నాడు మాస్టారు. "పోయిన నెల పాటలో ఒకటి వస్తే ఊరుకున్నాను. ఆదివారం ప్రదర్శన. గురువారం సాధనకి సరైన పుస్తకాలు రాకపోతే మేం ఇంకో కొట్టు చూసుకుంటాం."

ఆయన వెళ్ళాక యజమాని కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఇంకోసారి ఇలా అయితే నువ్వు అట్టలు కోసే బల్ల దగ్గరికి మారాలి, తల్లీ. నేను అనే మాట కాదు ఇది. పనే అంటుంది."

ఆమె తన బల్ల దగ్గరికి వచ్చి కూర్చుంది. ఎదురు బల్ల దగ్గర, ఐదు గీతల కాగితాలు తయారుచేసే గీతలాయన తల ఎత్తకుండా గింజలు గీస్తున్నాడు. మొదట్నుంచీ చివరిదాకా ఒక్క మాట కూడా విననట్టు.

అంత విననట్టు ఎవరుంటారు, అనుకుంది ఆమె.

*

గీతలాయన ఆ కొట్లో చేరి నాలుగు నెలలైంది. ఆయన వచ్చాకే ఇదంతా. పోయిన నెల తప్పు ఆయన చేరిన మూడో నెలలోది. పంతొమ్మిదేళ్ళలో రాని తప్పు.

మంగళవారం ఆమె పని చేస్తూనే ఆయన్ని చూసింది. ఎండు మనిషి. మణికట్టు దాకా సిరా. ఎవరితోనూ కలవడు. మధ్యాహ్నం క్యారేజీ తీసుకుని వెనక గోడ దగ్గరికి పోయి, గోడకేసి తిరిగి తింటాడు. ఏదో దాచుకు తింటున్నట్టు. చేరిన కొత్తలో ఓసారి ఆమె బల్ల పక్కనుంచి పోతూ ఆగి, "అక్షరాలు నేనూ అంటించాను, ఇదివరకు పనిచేసిన చోట," అన్నాడు. అంతే అన్నాడు. అప్పుడు ఆమెకి మామూలు మాటలాగే తోచింది. ఇప్పుడు ఆ మాట కింద ఇంకేదో కనిపించింది. ఆ కొట్లో అక్షరాల కుర్చీ ఒక్కటే. అది ఖాళీ అయితే తప్ప ఇంకొకరికి దొరకదు.

పైగా రోజూ సాయంత్రం అందరికంటే ఆఖర్న వెళ్ళేది ఆయనే. ఆమె వెళ్ళేటప్పటికి బంక ఇంకా పచ్చిగా ఉంటుంది. గోటితో తోస్తే చాలు, అక్షరం జరుగుతుంది.

ఉదయం పదింటప్పుడు ఆయన లేచి నీళ్ళ కుండ దగ్గరికి వెళ్ళాడు. తిరిగి వస్తూ ఆమె బల్ల వైపు ఒక్క క్షణం చూసి, ఆమె చూస్తోందని గమనించి చూపు తిప్పుకున్నాడు. గుమ్మడికాయల దొంగ అనకముందే భుజాలు తడుముకున్నట్టుగా ఉంది.

మధ్యాహ్నం పెదనాన్న దగ్గరికి వెళ్ళి కూర్చుంది. ఆయన ఆ కొట్లో బైండరు. అమ్మానాన్నలు పోయాక ఆమెని పెంచింది ఆయనే. పట్టకారు చేతికిచ్చి ఈ పనిలో పెట్టించిందీ ఆయనే. పొద్దున అందరికంటే ముందు వచ్చి తలుపు తీసి, పొయ్యి మీద మైదా జిగురు కాచుకుని, పుస్తకాలు కుట్టుకుంటూ ఉంటాడు. వారానికి రెండు సాయంత్రాలు మాస్టారి బృందంలో కింది గొంతు పాడతాడు. నలభై ఏళ్ళ నుంచి. ఊపిరి పట్టడంలో ఆయన్ని మించినవాడు లేడని పేరు. పిల్లప్పుడు ఆమెని ఎదురుగా నిలబెట్టి అంకెలు లెక్కపెట్టమని, అరవై దాకా ఒకే స్వరం మీద నిలబడేవాడు.

"ఆయనే, పెదనాన్నా," అంది ఆమె గొంతు తగ్గించి.

"ఎవరే?"

"ఎవరేంటి? గీతలాయన. నా కుర్చీ కావాలి ఆయనకి."

పెదనాన్న సూదిలోకి దారం ఎక్కించడానికి ఒకటికి మూడుసార్లు ప్రయత్నించాడు. "నీ చెయ్యే జారిందేమో. వయసొస్తోంది నీకూ."

"నా చెయ్యా?"

"ఊరికే అన్నాను."

"నువ్వే అంటే ఇంక బయటివాళ్ళ సంగతేంటి?"

ఆయన దారం కొసని నోట్లో తడిపి మళ్ళీ ఎక్కించాడు. "మనిషిని అనడం తేలికే, అమ్మడూ. అన్నాక వెనక్కి తీసుకోడానికి సంచీ ఉండదు," అన్నాడు. మళ్ళీ కుట్టడం మొదలుపెట్టాడు. తిన్నది అరగక ఏమో, మధ్యమధ్యలో ఆగి గుండె మీద చెయ్యి వేసుకుని ఊపిరి తీసుకున్నాడు.

ఇంట్లో భర్తకి చెబితే నవ్వాడు. "నీకు కూరలో ఉప్పు తగ్గినా ఎవరో వచ్చి తీసుకుపోయారనిపిస్తుంది."

"ఈసారి నిజంగానే తీశారు."

"అయితే చెంచాతో సహా పట్టుకో."

పట్టుకునే ఉపాయం ఆమె ఆ సాయంత్రమే చేసి వచ్చింది, ఆయనకి చెప్పలేదు. ఆ పేజీని మళ్ళీ మొదట్నుంచీ అంటించింది. అంటించాక సన్నటి సూది తీసుకుని, ఒక్కో అక్షరం ఎడమ అంచున కాగితానికి ఒక్కో చుక్కంత కన్నం పొడిచింది. వెలుతురుకి పట్టి చూస్తే తప్ప తెలియదు. బయటికి వచ్చేటప్పుడు తిరిగి చూస్తే లోపల గీతలాయన ఒక్కడే ఉన్నాడు, దీపం కింద వంగి.

*

బుధవారం పొద్దున ఆమె పేజీని కిటికీకి ఎత్తి పట్టుకుంది. ఎనిమిదో గింజ కింద కన్నం ఉంది. కన్నం పక్కన అక్షరం లేదు. 'లి' మళ్ళీ నాలుగో గింజ కిందికి వచ్చి కూర్చుంది. 'రా' ఐదుకి. మిగిలిన రెండు చోట్లా అంతే. ఆమెకి కోపం కంటే ముందు సంతోషం కలిగింది. నా చెయ్యి జారలేదు, అనుకుంది.

నేరుగా యజమాని దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయన కన్నాలు చూశాడు, అక్షరాలు చూశాడు. ఎక్కువ ఆలోచించే మనిషి కాదు.

"నిన్న సాయంత్రం ఆఖర్న ఎవరున్నారు?"

ఆమె పేరు చెప్పలేదు. ఎదురు బల్ల వైపు చూసింది. చూడడమే చాలింది.

గీతలాయనని పిలిచారు. ఆయన కలం మూత పెట్టి, చేతులు తుడుచుకుని వచ్చాడు. పేజీని తీసుకుని ముందు ఎదురుగా చూశాడు. తరవాత పక్కకి వంచి, కిటికీ వెలుతురు కాగితం మీద జారేలా పట్టుకున్నాడు. జరిగిన అక్షరం అంచుని చిటికెనవేలి గోటితో మెల్లిగా తాకాడు. తలెత్తి కొట్టంతా ఒకసారి చూసి, పేజీ కింద పెట్టాడు.

"నేను కాదండీ."

"మరెవరు?"

"అది నేను చెప్పే మాట కాదు."

"అంటే తెలుసన్నమాట."

ఆయన పేజీని బల్ల మీద తిన్నగా జరిపాడు.

"నువ్వు కాకపోతే పేరు చెప్పు. చెప్పకపోతే నువ్వే," అన్నాడు యజమాని. "ఇందులో మూడో దారి నాకు కనపడట్లేదు."

గీతలాయన ఆమె వైపు చూశాడు. ఏదో అడుగుతున్నట్టు చూశాడు. ఆమె చూపు తిప్పలేదు. తప్పు చేసినవాడు ఎలా చూస్తాడో చూడాలని ఆమె కూడా చూసింది. ఆ చూపులో ఆమెకి కావాల్సింది దొరికింది, వెతికేవాళ్ళకి ఎప్పుడూ దొరుకుతుంది.

"సరే అయితే," అన్నాడు ఆయన.

బల్ల దగ్గరికి వెళ్ళి కలం ములుకులు ఒక్కొక్కటీ గుడ్డతో తుడిచి డబ్బాలో పెట్టుకున్నాడు. సగం గీసిన పేజీ మీద దుమ్ము పడకుండా ఇంకో కాగితం కప్పాడు. క్యారేజీ తీసుకుని వెళ్ళిపోయాడు. వెనక మూల పెదనాన్న పుస్తకం కుడుతూనే ఉన్నాడు. ఆయన సూది ఒక్కసారి కూడా ఆగలేదు. తల ఎత్తలేదు.

ఆమె ఆ మూడు చోట్లా అక్షరాలు తీసి, మళ్ళీ అంటించింది. ఈసారి ఇంటికి పోలేదు. బంక ఆరేదాకా పక్కనే కూర్చుని, గింజలు లెక్కపెట్టుకుంటూ గీతలు గీసి, పేజీని అచ్చుకి ఇచ్చాకే లేచింది.

*

గురువారం సాధనకి పుస్తకాలతో పాటు ఆమెనీ పంపించాడు యజమాని. "కూర్చుని విను. మళ్ళీ ఏదైనా వస్తే అక్కడే తెలిసిపోవాలి."

పొడుగాటి హాలు. ఎత్తైన కిటికీలు. పాడేవాళ్ళు నాలుగు వరసలుగా నిలబడ్డారు. ఆమె గోడవార బెంచీ మీద, కింది గొంతు వరసకి దగ్గరగా కూర్చుంది. ఆ వరసలో ఎనిమిది మంది. నాలుగో మనిషి పెదనాన్న. ఆయన పక్కన గంటన్న అనే లావుపాటి ఆయన. గొంతు గంటలా ఉంటుందని ఆ పేరు.

పాట మొదలైంది. ఆమె వేలు పెట్టుకుని పుస్తకంలో చూస్తోంది. ఏ... టి... గా...

మొదటి గింజ, రెండు, మూడు. నాలుగు గొంతులూ కలిసే సాగుతున్నాయి. ఆమె తల ఎత్తింది.

పెదనాన్న నోరు తెరిచే ఉంది. పెదాలు 'గా' ఆకారంలోనే ఉన్నాయి. కానీ మెడ మీద నరం కదలడం లేదు. నోటి నుంచి ఏమీ రావడం లేదు. భుజాలు మెల్లిగా పైకి లేచాయి. ఐదో గింజ దగ్గర మెడ నరం మళ్ళీ ఉబ్బింది.

పాట సాగింది. ఆమె రెండో చోటు కోసం చూసింది. అక్కడ కూడా నాలుగో గింజ దగ్గర నరం పడుకుంది, ఐదో గింజకి లేచింది. మూడో చోటా అంతే.

వేలు పుస్తకం మీద ఎక్కడుందో ఆమెకి తెలియలేదు.

ఒక మాట మధ్యలో ఊపిరి తీసుకోకూడదు. అది మాస్టారి మొదటి పాఠం. మాట పూర్తయ్యాక, ఇంకో మాట మొదలయ్యే ముందు తీసుకోవచ్చు. 'గాలి' అనే మాట నాలుగో గింజకే పూర్తయిపోతే అక్కడ ఊపిరి తీసుకోవచ్చు. పుస్తకంలోనే అలా ఉంటే వరస వరసంతా అక్కడే తీసుకుంటుంది. ఒక్కడికి ఊపిరి చాలడం లేదని ఎవరికీ తెలియదు.

"కింది గొంతు మధ్యలో పలచబడుతోంది," అన్నాడు మాస్టారు చెయ్యి ఆపి. "మాటలు మాత్రం ఇప్పుడు సరిగ్గా ఉన్నాయి." ఆమె వైపు తిరిగి మెచ్చుకోలుగా తల ఊపాడు.

సాధన అయ్యాక ఆమె, పెదనాన్న నడిచే ఇంటికి బయలుదేరారు. రెండు వీధులు దాటారు.

"ఎన్నాళ్ళ నుంచి?" అంది.

ఏది అని ఆయన అడగలేదు. "చలికాలం నుంచి. మెట్లెక్కినా అంతే అవుతోంది."

"డాక్టరుకి చూపించుకున్నావా?"

"వయసు అన్నాడు. దానికి మందు రాయలేదు."

"మాస్టారికి చెప్పొచ్చుగా."

"పోయినేడు మా వరసలో పాడే ఆ చెప్పులు కుట్టే ఆయన్ని ఏం చేశారు? చెప్పాడు. మర్నాటి నుంచి తలుపు దగ్గర కూర్చోబెట్టారు, వచ్చినవాళ్ళకి పుస్తకాలు అందించమని. అప్పుడు నేనే అన్నాను, ఊపిరి లేనివాడికి వరసలో ఏం పని అని. అందరూ విన్నారు."

ఒక బండి వస్తే పక్కకి జరిగారు. ఆయన గోడకి చెయ్యి ఆనించి కాసేపు నిలబడ్డాడు.

"పొద్దున మైదా జిగురుకి నీళ్ళు కాచేటప్పుడు ఆవిరి పట్టేవాడిని," అన్నాడు అడక్కుండానే. "అక్షరం దానంతటదే లేచేది. నువ్వు బాగా అంటిస్తావు, అయినా లేచేది."

"ఆయన్ని పంపించేశారు, పెదనాన్నా."

"తెలుసు. అక్కడే ఉన్నాగా."

ఆ మాట ఆయన ఎంత మామూలుగా అన్నాడంటే, పెంచిన చేతులు అవేనా అని ఆమె తిరిగి చూసింది. చేతులు అవే. చూపుడువేలి మీద సూది కాయ కూడా అక్కడే ఉంది.

"రేపు నువ్వు చెప్పు," అంది.

ఆయన తల ఊపాడు. అవునని ఊపాడో, నడుస్తుంటే ఊగిందో తెలియలేదు.

*

శుక్రవారం కొట్టుకి వెళ్ళేముందు ఆమె గీతలాయన ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళింది. మేడ మీద ఒక్క గది. తలుపు తెరిచే ఉంది. ఆయన నేల మీద కూర్చుని, చొక్కా గుండీ కుట్టుకుంటున్నాడు. ఆమెని చూసి లేచి, ఉన్న ఒక్క కుర్చీ ఆమె వైపు జరిపాడు. ఆమె కూర్చోలేదు.

"మీరు కాదని తెలిసింది."

"నాకు మొన్ననే తెలుసు."

ఆమె కుర్చీ వీపు పట్టుకుంది. "ఎవరో కూడా తెలుసా?"

"మీరు వాడేది బంక. ఆరితే అద్దంలా ఉంటుంది. ఆ అక్షరాల అంచు తెల్లగా పొడి రాలుతోంది. మైదా జిగురు. మన కొట్లో మైదా జిగురు ఎవరి బల్ల మీద ఉంటుందో నేను చెప్పాలా?"

ఆమె చూడలేదు. కన్నాలు పొడిచింది, వెలుతురుకి పట్టింది, గింజలు లెక్కపెట్టింది. అంచు మాత్రం చూడలేదు.

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

ఆయన దారం తెంపాడు. "మీ పెదనాన్న. చిన్నప్పట్నుంచీ పెంచాడని కొట్లో అందరూ చెప్పుకుంటారు. నాలుగు నెలల క్రితం వచ్చిన పరాయివాడు ఆయన పేరు చెబితే మీరేమంటారు? నన్ను ఇంకో నాలుగు అంటారు. ఆ నాలుగూ ఎందుకని." గుండీ లాగి చూసుకుని, "మీరు నన్ను చూసినంతసేపు పక్కకి ఒక్కసారి చూసినా సరిపోయేది," అన్నాడు. కోపంగా అనలేదు.

"రండి కొట్టుకి."

"పంపింది మీరు కాదు కదా. పంపినాయన పిలవాలి. ఎందుకు పిలుస్తున్నాడో కూడా చెప్పి పిలవాలి."

ఆమె వెళ్ళేసరికి కొట్లో యజమాని వచ్చి ఉన్నాడు. పెదనాన్న తన మూలలో పుస్తకాలకి అట్టలు వేస్తున్నాడు. ఆమె ఆయన బల్ల ముందు నిలబడింది. ఆయన అట్టని తిప్పి, మడిచి, ఎముక బద్దతో రుద్దాడు. మళ్ళీ రుద్దాడు. మడత ఎప్పుడో పడింది. ఆమె నిలబడే ఉంది. ఆయన ఇంకో అట్ట తీసుకున్నాడు.

ఆమె యజమాని దగ్గరికి వెళ్ళింది.

"గీతలాయన కాదండీ."

"మళ్ళీ మొదటికొచ్చావా? మరెవరు?"

వెనక బద్ద రుద్దే చప్పుడు ఆగింది.

"మా పెదనాన్న."

యజమాని నవ్వాడు. నవ్వి, ఆమె మొహం చూసి, మూల వైపు తిరిగాడు. పెదనాన్న లేచి నిలబడి ఉన్నాడు. "అవును," అన్నాడు.

"ఎందుకయ్యా?"

పెదనాన్న ఆమె వైపు చూశాడు. ఇన్నేళ్ళలో ఆమెని ఆయన తనకోసం ఏదైనా అడగడం అదే మొదలు. నోటితో అడగలేదు. ఆమె కత్తెర దారాన్ని వేలికి చుట్టుకుంటూ నేల చూసింది. పేరు చెప్పాలి కాబట్టి చెప్పింది. కారణం ఇంకెవరి మెడకీ చుట్టుకోలేదు, చెప్పాలో వద్దో ఆయన ఇష్టం.

"ఆ పాట అలా ఉంటే బాగుంటుందనిపించింది," అన్నాడు పెదనాన్న.

"నలభై ఏళ్ళు అట్టలు వేసి, ఇప్పుడు నీకు సంగీతం పుట్టుకొచ్చిందా?" యజమాని చెయ్యి చాపాడు. "ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడని ఊరికే అన్నారా. తాళంచెవి ఇటు పెట్టు. రేపట్నుంచి నేనే తీస్తాను. ఆ మనిషిని నా నోటితో పొమ్మన్నాను, ఇప్పుడు నా కాళ్ళతో వెళ్ళి పిలవాలి."

పెదనాన్న మొలలోంచి తాళంచెవి తీసి ఇచ్చాడు. పిచ్చివాడనో, కుళ్ళుబోతనో కొట్లో అందరూ అనుకున్నారు. అనుకోనిచ్చాడు. ఊపిరి లేదని మాత్రం ఎవరూ అనుకోలేదు.

*

శనివారం ఆఖరి సాధన. పెదనాన్న ఆమెతో మాట్లాడడం లేదు. అయినా ఆమె వెళ్ళింది, అదే బెంచీ మీద కూర్చుంది. మాస్టారు పై గొంతులవాళ్ళకి ఏదో చెబుతున్నాడు. పెదనాన్న చాలాసేపు పుస్తకంలోకే చూసి, చివరికి గంటన్న చెవి దగ్గరికి వంగి ఏదో అన్నాడు.

గంటన్న గుసగుసలాడినా సగం హాలుకి వినబడుతుంది.

"నీకూనా?" అన్నాడు. "మేమంతా వంతులేసుకుని మధ్యలో దొంగ ఊపిరి తీసేసుకుంటున్నాం కదయ్యా, మూడేళ్ళ నుంచి. నువ్వు ఆపకుండా పాడతావన్న ధైర్యంతోనే. నువ్వు ఆగితే మేమెక్కడ తీసుకోవాలి?"

పెదనాన్నకి అవతలివైపు మనిషి జేబులోంచి పెన్సిల్ తీసి, "నేను రెండో గింజ దగ్గర ఆగుతాను, నువ్వు నాలుగు తీసుకో," అని పుస్తకంలో గుర్తు పెట్టుకున్నాడు. పెన్సిల్ చేతులు మారుతూ వరస చివరిదాకా వెళ్ళింది. పెదనాన్న దగ్గరికి తిరిగి వచ్చినప్పుడు ఆయన చాలాసేపు దాన్ని పట్టుకుని, నాలుగో గింజ మీద చిన్న గీత పెట్టాడు.

పాటలో ఆ చోట ఎవరు ఎప్పుడు ఆగారో ఆమెకి కనిపెట్టడం కుదరలేదు. మాస్టారు ఆపలేదు.

*

సోమవారం గీతలాయన వచ్చాడు. కప్పి వెళ్ళిన కాగితం తీసి, సగంలో ఆగిన పేజీని అక్కడి నుంచే మొదలుపెట్టాడు. యజమాని రెండుసార్లు ఆయన బల్ల దగ్గరికి వెళ్ళి, అవసరం లేకపోయినా ఏదో ఒకటి అడిగి వచ్చాడు. మధ్యాహ్నం ఆమె తన క్యారేజీ పట్టుకుని వెనక గోడ వైపు చూసింది. ఆయన గోడకేసి తిరిగి తింటున్నాడు. ఎప్పటిలాగే తింటున్నాడని ఆమెకి ఇప్పుడు తెలిసింది. దాచుకోడానికి అందులో ఏమీ లేదు.

సాయంత్రం ఆమె సామాన్లు సర్దుకుంటుంటే ఆయన ఆ రోజు గీసిన పేజీ తీసుకుని వచ్చాడు. ఆమె బల్ల మీద పెట్టి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

"చూడండి."

"ఏం చూడాలి?"

"ఎక్కడైనా తేడా ఉందేమో చూసి చెప్పండి. చెప్పాకే నేను వెళ్తాను. రేపు ఏదైనా మారితే నేను ఉన్నప్పుడు సరిగ్గా ఉందని మీకు గుర్తుండాలి."

"అంత అక్కర్లేదండీ. నేను..."

"చూడండి," అన్నాడు మళ్ళీ, అంతే మెల్లిగా.

ఆమె కత్తెర పక్కకి తోసి కూర్చుంది. మొదటి గింజ మీద వేలు పెట్టింది. ఒక్కటీ వదలకుండా, పై వరస, రెండో వరస, మూడో వరస. ఆయన నిలబడే ఉన్నాడు. బయట అందరూ వెళ్ళిపోతున్న చప్పుడు వినపడింది. ఆఖరి గింజ దాకా వచ్చేసరికి ఆమె మెడ లాగింది.

"సరిగ్గానే ఉంది."

ఆయన తల ఊపి పేజీ తీసుకున్నాడు. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ, "రేపు కూడా తెస్తాను," అన్నాడు.